మూడు గంటల డీఫ్రాగ్

మధ్యాహ్నం మూడు కాగానే నీలకంఠం లారీల కాటా గేటు మూసి, చేతులు చొక్కాకే తుడుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. డీఫ్రాగ్ బటన్ నొక్కాడు. తెర మీద ఎరుపు, నీలం గళ్లు కదలడం మొదలుపెట్టాయి.

ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పోర్టు నుంచి బొగ్గు ఎత్తుకొచ్చే లారీలన్నీ ఈ కాటా ఎక్కి దిగాల్సిందే. వాటి బరువులు దాచుకునే కంప్యూటర్‌లో ఫైళ్లు ముక్కలుగా చెదిరిపోతాయనీ, రోజూ అరగంట డీఫ్రాగ్ పెట్టి వాటిని ఒకచోట సర్దితే మిషన్ మొరాయించదనీ ఎప్పుడో ఒక మెకానిక్ చెప్పాడు. నీలకంఠం ఆ మాట వదల్లేదు. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఎంత రుద్దుకున్నా చెవుల వెనక బొగ్గుధూళి గీత పోదు. పెళ్లిళ్లలో పక్కన కూర్చుని భోంచేసినవాళ్లు కూడా, నీలకంఠం రాలేదేం అని తర్వాత అడుగుతారు. గర్వపడటానికి ఆయనకున్నదల్లా ఒకటే: తన కంప్యూటర్ ఒక్కరోజూ ఆగలేదు.

ఇవాళ ఆయనకు ఆఖరి రోజు. రేపట్నుంచి ఈ కుర్చీ పెందుర్తి అమ్మాయి శ్రీసత్యది. పొద్దుట్నుంచి పక్కన స్టూలేసుకుని పని నేర్చుకుంటోంది, అన్నీ ఇట్టే పట్టేసింది. ఈ ఒక్కటీ అప్పజెబితే గానీ ఆయన మనసు కుదుటపడదు.

“సూడమ్మా, ఇది రోజూ సెయ్యాల. మర్సిపోకూడదు.”

శ్రీసత్య తెరకేసి వింతగా చూసింది. “ఈ మిషన్‌లో ఉన్నది కొత్తరకం డిస్కు, ఎస్‌ఎస్‌డీ కదా బాబాయ్. దీనికి డీఫ్రాగ్ ఏటి?”

“రెండేళ్ల కితం ఈ కొత్త మిషన్ ఏసినారు. దాంతో వచ్చిన డీఫ్రాగ్ నొక్కితే రెండు సెకన్లలో అయిపోనాదంటాది. అదేటి పనమ్మా? అందుకే పాత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించినాను.”

శ్రీసత్యకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకుంది. “పాత డిస్కు గిరగిరా తిరిగేది బాబాయ్, ముక్కల కోసం వెతుక్కునేది. అందుకని సర్దితే లాభం. దీంట్లో తిరిగేదేమీ లేదు, ముక్క ఎక్కడున్నా ఒకటే. సర్దడమంటే మళ్లీ రాయడమే. రాసేకొద్దీ ఇది అరుగుద్ది.”

ఇంకేదో తెరిచి చూపించింది. రెండేళ్లలో డ్రైవ్ ఆయుష్షు నూటికి ఎనభై ఒకటికి దిగింది.

నీలకంఠం ముందుకు వంగి ఆ అంకె మళ్లీ చదివాడు. తన చేత్తోనే రోజూ దాన్ని అరగదీశాడన్నమాట.

“పాడైపోద్దా?”

“అబ్బే! మానేస్తే ఇంకా ఏళ్ల తరబడి ఢోకా లేదు.” ఆమె మీట నొక్కింది. గళ్లు ఆగిపోయాయి.

మూడూ ఐదు. వెళ్లే రోజున ఇది తెలియకపోయినా బాగుండేదని ఆయనకు చాలా బాధేసింది. లేచి వెళ్లి గేటు తీశాడు.

బయట ఏడు లారీలున్నాయి. ముందు లారీ డ్రైవర్ ఎల్లారావు బండి నీడలో తువ్వాలు పరిచి పడుకున్నవాడు కాస్తా తలెత్తాడు.

“అప్పుడే అయిపోనాదేటి బావా?”

“ఇక లేదు బావా. మిషన్‌కి అక్కర్లేదంట. ఇన్నాళ్లూ నాను వట్టినే సేసినాను.”

“మిషన్‌కి అక్కర్లేకపోతే మాకక్కర్లేదా?” ఎల్లారావు లేచి కూర్చున్నాడు. “తెల్లారి నాలుక్కి స్టీరింగ్ పట్టినాను. రోజు మొత్తంలో నడుం వాల్చేది నీ డీఫ్రాగ్‌లోనే కదేటి! నిరుడు నువ్వు సెలవెట్టినావు సూడు, ఆ సాయంత్రమే నాను కునుకు తీసి స్తంభాన్ని గుద్దినాను.”

టీ గ్లాసులు పట్టుకున్న డ్రైవర్లంతా గొల్లుమన్నారు. “గేటు మూసీ బావా!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు. నీలకంఠం కూడా నవ్వేశాడు. గుండె మీద బరువు దిగిపోయింది.

గుమ్మంలో నిలబడి వింటున్న శ్రీసత్య లోపలికెళ్లి ఒక అట్టముక్క, మార్కరు తెచ్చింది.

“మీరే రాయండి బాబాయ్. మీ మాటైతే వీళ్లు వింటారు.”

“మూడింటికి గేటెందుకు మూసినావని ఓనరు అడిగితే ఏటంటావు?”

“డ్రైవర్లకి రెస్టు, ఇరవై రెండేళ్ల రూలు అంటాను. అబద్ధం కాదు కదా.”

ఆరింటికి నీలకంఠం చివరి సంతకం పెట్టి, రోజూ ఎక్కే బస్సే ఎక్కి వెళ్లిపోయాడు. దండలూ సన్మానాలూ ఏమీ లేవు. క్యూలో ఉన్న లారీలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి హారన్ కొట్టాయి.

మర్నాడు మూడింటికి శ్రీసత్య ఏ బటనూ నొక్కలేదు. బయటికొచ్చి, ఆయన గుండ్రటి అక్షరాలున్న అట్టముక్కను గేటుకు తగిలించింది: “డీఫ్రాగ్ జరుగుచున్నది. అరగంట పడుకొనవలెను.”