పైకప్పు మీద పళ్లెం

నీళ్ల బిందె మీద ఒకటి, బియ్యం డబ్బా మీద ఒకటి, పాలగిన్నె మీద ఒకటి, కిటికీకి అడ్డంగా పెద్దది ఒకటి. పిండిన తడిగుడ్డలు ఇల్లంతా కప్పుకుంటూ వచ్చి, మిగిలిన ఒక్కదాన్నీ అన్న మంచం పక్కన స్టూలు మీదున్న కొత్త పెట్టె మీద పరవబోయి ఆగింది ఆమె.

"దానికొద్దే, కరెంటుది" అన్నాడు అన్న మంచం మీంచి. "పైన ఉంది చూడు, దానికి కప్పాలి."

"ఆదివారం కప్పుతాలే."

"నీ ఆదివారం వచ్చేదాకా దుమ్ము ఆగుతుందా?"

"డిష్ మనిషి దాని మీద ఏమీ పెట్టొద్దన్నాడు కదా అన్నయ్యా."

"బరువులు పెట్టొద్దని అతని ఉద్దేశం. గుడ్డ బరువా?"

ఆమెకూ అదే తోచింది. ఆ ఇంట్లో గుడ్డను ఒక వస్తువు కింద ఎవరూ లెక్కేయలేదు. క్వారీ పక్కన పుట్టి పెరిగినవాళ్లకు తడిగుడ్డ అంటే వస్తువు మీద రెండో చర్మం. పొడిగుడ్డ కప్పి దులిపితే దుమ్ము మళ్లీ ఇంట్లోకే వస్తుంది. తడిది దుమ్మును పట్టుకుంటుంది, సాయంత్రం నీళ్లలో జాడిస్తే పోతుంది. ఈ చదువు అమ్మ దగ్గర ఇద్దరూ నేర్చుకున్నారు. అమ్మ పోయింది, క్వారీ కొండకు అవతలివైపు జరిగింది, కాలనీలో జనం దాని వెంటే వెళ్లిపోయారు. ఇటువైపు మూడిళ్లు మిగిలాయి. దుమ్ము మాత్రం ఎవరి మీదా అలగకుండా రెండువైపులా సమానంగా పడుతోంది.

అన్న చూపుడువేలికి ఊపిరి లెక్క చూసే క్లిప్పు తగిలించింది. చిన్న తెర మీద అంకె వెలిగింది. మాత్రలు, నీళ్లు చేతికి అందేలా పెట్టి, తన అన్నం డబ్బా సంచిలో వేసుకుంది.

"పైకి ఎక్కకు సుమా" అంది, ఏదో ఒకటి అనాలి కదా అని.

"ఆ, ఎక్కుతా. పరుగు పందెం కూడా పెట్టుకుంటా" అని నవ్వబోయి దగ్గాడు. పెరట్లోకి నడిస్తేనే ఆయాసపడే మనిషి. ముప్పై ఏళ్లు బండలో రంధ్రాలు చేసి పేలుడు మందు కూరాడు. ఆ బండ పొడి పొడిగా వచ్చి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. "అందరూ కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నాకు ఆ ఎలుక కూడా దొరకలేదే" అనేవాడు, డాక్టరు ముందు కూడా.

ఆసుపత్రి బట్టలు ఉతికే షెడ్డులో ఆమెకు ఆదివారం అని పేరు. మేస్త్రీ దగ్గర్నుంచి తోపుడుబండి మనిషి దాకా అందరూ అలాగే పిలుస్తారు. చెప్పుల తెగిన పట్టీ కుట్టించుకోమన్నా, పంటినొప్పికి మందు వేసుకోమన్నా, ఆమె నోట వచ్చే మాట ఒకటే: ఆదివారం చూద్దాం. వయసులో ఉన్నప్పుడు ఒక లారీ డ్రైవరు పెళ్లి చేసుకుంటానని కబురు పెడితే దానికీ అదే మాట అంది. ఆ డ్రైవరు కొన్ని ఆదివారాలు ఓపిక పట్టి, ఇంకొకర్ని చేసుకున్నాడు. అది తెలిసినప్పుడు ఆమెకు పెద్దగా ఏమీ అనిపించలేదు. అనిపించలేదని మాత్రం కొంచెం ఆశ్చర్యపోయింది.

ఇస్త్రీ రోలరు దగ్గర ఆమె జోడీకి రేడియో అని పేరు. ఎందుకో చెప్పక్కర్లేదు. దుప్పటి చెరో కొసా పట్టుకుని, విదిలించి, అంచు సరిచేసి రోలరుకు అందిస్తారు. అవతలినుంచి పొగలు కక్కుతూ వచ్చినదాన్ని మళ్లీ చెరో కొసా పట్టుకుని మడుస్తారు. దగ్గరికి వస్తారు, దూరం జరుగుతారు. దగ్గరికి వచ్చినప్పుడల్లా రేడియో ఒక వాక్యం అంటుంది.

"మీ ఇంటి మీద ఆకాశం దిగిందటగా అక్కా?"

దూరం జరిగారు.

"ఆలస్యం అమృతం విషం అని మేం మొత్తుకున్నా కదలనిదానివి, ఇదెలా పెట్టించావే తల్లీ?"

ఆమె దుప్పటి అంచు సరిచేసింది. చెప్పాలంటే చేతిలో ఉన్న దుప్పటినే చూపించాలి. దాని మూలన నీలం దారంతో కుట్టిన గుర్తు ఉంది. అది ఊపిరితిత్తుల వార్డుది. ఆ వార్డు మూటలో రోజూ దుప్పట్లే వస్తాయి. ఏదో ఒకరోజు వాటితో పాటు పరుపు గలీబు కూడా వస్తుంది. మంచం మీద మనిషి మారితేనే గలీబు విప్పుతారు. గలీబు వచ్చిందంటే ఒక మంచం ఖాళీ అయిందని షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రేడియో కూడా ఆ కాసేపు నోరు కట్టేసుకుంటుంది. అందుకే డాక్టరు, "ఇంటి దగ్గర ఉంచుకోవాలంటే ఆయన ఊపిరి లెక్క మాకు ఎప్పటికప్పుడు అందుతూ ఉండాలి, అందకపోతే వార్డులో చేర్చడమే" అన్నప్పుడు, ఆమె జీవితంలో మొదటిసారి ఆదివారం దాకా ఆగలేదు. అన్నకు వార్డు ఇష్టం లేదు. ఆమెకు ఆ గలీబు తన చేతికి రావడం ఇష్టం లేదు. అంతే ఆమె పట్టుదల.

ముందు ఇంటర్నెట్ కోసం కేబుల్ కంపెనీకి వెళ్లింది. వాళ్ల మనిషి మలుపు దాకా వచ్చి, లోయలోకి చూసి, మూడిళ్ల కోసం ఇన్ని స్తంభాలు పాతితే మా కంపెనీ మునుగుతుందమ్మా అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. సెల్ ఫోను సంగతి కొత్తగా చెప్పేదేముంది? మూడువైపులా కొండ గోడలు. బస్సు ఆగే చోట నిలబడితే ఫోను ప్రాణం పోసుకుంటుంది, ఇంటి దారి పట్టగానే మూగబోతుంది. ఇక మిగిలింది ఆకాశమే. అందులోనూ రెండు రకాలన్నాడు డిష్ మనిషి. ఒకటి చవక. పెద్ద గొడుగు, ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోటుకు చూస్తూ కూర్చుంటుంది. కానీ ఆ ఉపగ్రహం చాలా దూరాన ఉంటుంది కాబట్టి మాట వెళ్లి తిరిగి రావడానికి కాస్త ఆలస్యం. పైగా అది చూడాల్సిన చోటుకు సరిగ్గా అడ్డంగా, అన్న తన చేతులతో చెక్కిన కొండ గోడే ఉంది. రెండోది పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. ఉపగ్రహాలు కిందుగా ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే, దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుంటుంది. మాట వెంటనే వస్తుంది. పైన ఆకాశం తెరిపిగా ఉండాలి, అంతే. పైకప్పు నడిమధ్యన పెడితే సరిపోతుంది.

ఏది పెట్టించమంటావని అన్నను అడిగింది. మొదటిదైతే గోడకు అడ్డం రాకుండా దూరంగా స్తంభం పాతి పెట్టవచ్చు, కానీ నర్సుతో మాట్లాడితే జవాబు ఆగి ఆగి వస్తుందని చెప్పింది.

"వత్తి ముట్టించి పేలేదాకా బండ చాటున కూర్చోవడం చాలదా నాకు?" అన్నాడు. "మాటక్కూడా కూర్చోవాలా? పళ్లెమే పెట్టించు."

పెట్టించిన రోజు నర్సు ముఖం తెర మీద కనబడితే చిన్నపిల్లాడిలా చెయ్యి ఊపాడు. మూడు రోజులుగా కంటితో చూడకుండానే పైకప్పు వైపు వేలు చూపిస్తూ, దాని మీద దుమ్ము పడుతోందని నస పెడుతున్నాడు. తనకు ఊపిరి లెక్క కట్టే వస్తువు కూడా తనలాగే అయిపోతుందని భయపడ్డాడేమో.

భోజనాల గంటకు ముందు ఫోను మోగింది.

"అమ్మా, మీ అన్నయ్యగారి లెక్క రావట్లేదు. లైనే తెగిపోయినట్టుంది" అంది నర్సు.

"వస్తుందిలెండి. మబ్బు పట్టినా పోతుందన్నాడు డిష్ మనిషి."

"ఇక్కడ ఎండ మండిపోతోందమ్మా. సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే డాక్టరుగారికి చెప్పక తప్పదు. వార్డులో మంచం కూడా ఒకటి ఖాళీ అయింది."

ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. గలీబు పొద్దున్నే వచ్చింది.

"వెళ్లు అక్కా, మేస్త్రీకి నేను చెప్తా" అంది రేడియో, ఆమె ముఖం చూసి.

"టీ వేళ దాకా చూద్దాం" అంది ఆమె.

డబ్బా తెరిచింది, మూసింది. మళ్లీ రోలరు దగ్గరికి వెళ్లింది. మనసులో ఏదైనా కదలాలి కదా, కదలలేదు. వేడి దుప్పటి కొస పట్టుకుని దగ్గరికి, దూరానికి నడుస్తూ, అన్నను వార్డుకు తీసుకెళ్లాల్సి వస్తే ఏ చొక్కా తొడగాలా అని మాత్రం ఆలోచించింది.

టీ తాగుతుండగా మళ్లీ నర్సే.

"లైను వచ్చేసిందమ్మా! ఇప్పుడే పెట్టె పలికింది. లెక్క మాత్రం లేదు. క్లిప్పు తీసి పక్కన పెట్టినట్టున్నారు. మీరు వెళ్లాక తగిలించండి, చాలు."

"నిద్రపోయి ఉంటాడమ్మా. నిద్రలో లాగేసుకుంటాడు."

ఫోను పెట్టేసి నవ్వింది. ఆమె నవ్వడం అరుదు కాబట్టి రేడియో తోపుడుబండి మనిషిని పిలిచి మరీ చూపించింది. "ఆదివారం ఇవాళే వచ్చిందిరోయ్!" అంది. వార్డు గండం తప్పింది. సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె దుప్పట్లు మడుస్తూనే ఉంది. తప్పిందనుకున్న గండం గురించి ఇంకోసారి ఆలోచించలేదు.

బస్సు దిగి లోయలోకి నడిచింది. ఇంటి తలుపు చేరవేసి ఉంది, మంచం ఖాళీగా ఉంది. క్లిప్పు దిండు మీద పెట్టి ఉంది. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. పెరటివైపు వెళ్లింది. గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు అన్న, చేతులు తొడల మీద బోర్లించుకుని, తల గోడకు ఆనించి. పక్కనే నిచ్చెన పైకప్పుకు వేసి ఉంది.

"ఎక్కావా? ఎక్కొద్దని చెప్పానా లేదా? నీకసలు..." అని భుజం పట్టుకుని కదిపింది.

భుజం చల్లగా ఉంది. బిగుసుకుపోయి ఉంది.

భుజం మీది చెయ్యి తీసింది. తర్వాత లోపలికి వెళ్లి, రోజూ చేసినట్టే బిందె మీది గుడ్డ, డబ్బా మీది గుడ్డ, కిటికీ గుడ్డ తీసి పంపు కింద జాడించి తీగ మీద ఆరేసింది. అవి చేయకపోతే ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. అప్పుడు నిచ్చెన ఎక్కింది.

పళ్లెం మీద తన పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి కప్పాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలూ అడుగున బిగించి ముడి వేశాడు. ఎన్ని మెట్లకు ఎంతసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడో గాని, ముడులు మాత్రం ఎక్కడా వదులుగా లేవు. దుప్పటి ఎండి, దుమ్ముతో అట్టలా ఉంది. ఆమె దాన్ని చేత్తో తడిమింది. బట్టల సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లోడే దుప్పటి నాలుగు మడతల మీద ఈ ఎండకు ఆరాలంటే భోజనాల వేళ నుంచి టీ వేళ దాకా పడుతుంది. తడిగా ఉన్నంతసేపూ ఆ నీళ్లు అడ్డమై పళ్లేనికి ఆకాశం కనబడలేదు. ఆరగానే కనబడింది. అన్న దాన్ని కప్పి, దిగి, కుర్చీలో కూర్చుని పోయాడు. లైను తనంతట తను వచ్చింది. తను నవ్వింది.

నవ్వానే, అనుకుంది. అది ఒక్కటే గుచ్చుకుంది. మిగిలినదంతా ఎక్కడో తడిగుడ్డ కింద ఉంది.

ముడులు విప్పి దుప్పటి భుజాన వేసుకుని దిగింది. దిగుతుండగానే కొంగున ఉన్న ఫోను మోగింది. ఆ ఇంట్లో ఫోను మోగడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. నర్సు ముఖం తేటగా, ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.

"తగిలించారా అమ్మా?"

"అన్నయ్య పోయాడమ్మా."

మాట వెంటనే చేరింది. నర్సు ముఖం వెంటనే మారింది.

"అయ్యో... ఎప్పుడమ్మా?"

"మీరు మొదటిసారి చేశారే, అప్పుడు."

నర్సుకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆమెకు లేదు. దుమ్ము గురించి, గుడ్డ గురించి, మూడు రోజులుగా తను ఆదివారం ఆదివారం అన్న సంగతి గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

"మీరొక్కరే ఉన్నారు కదా. ఇక్కణ్ణుంచి మనుషుల్ని పంపిస్తాను. చీకటి పడుతోంది, రేపు పొద్దున పంపమంటారా?"

"వద్దు. ఇప్పుడే పంపండి" అంది ఆమె. "ఇవాళే."

ఫోను ఆపి, అన్న పక్కన నేల మీద కూర్చుంది. కొండ అవతల సాయంత్రపు పేలుడు ఒకటి వినబడింది. గోడ సన్నగా అదిరింది. కాసేపటికి దుమ్ము దిగడం మొదలైంది. పైట చెంగుతో అన్న ముఖం తుడిచింది, మళ్లీ పడితే మళ్లీ తుడిచింది.

క్వారీవాళ్లు ఏ వస్తువుకైనా గుడ్డలు రెండు పెట్టుకుంటారు. ఒకటి ఆరేలోపు రెండోది నానుతూ ఉండాలి. నిచ్చెన కింద, అన్న చెయ్యి చాపితే అందేంత దూరంలో బకెట్టు ఉంది. అందులో నీళ్లలో మునిగి, పిండడానికి వీలుగా చుట్టి పెట్టిన ఇంకో దుప్పటి ఉంది.