ముప్ఫయ్యేడో బిళ్ళ

అప్పాజీ ఇనుము అరగదీసే ఆకురాళ్ళ పళ్ళలో ఇరుక్కున్న రజను బ్రష్‌తో దులిపి, ఒక్కొక్కదాన్నీ దాని మేకుకు తగిలిస్తున్నాడు. పొట్టి మనిషి. కుడిభుజం కాస్త వాలి ఉంటుంది. గోళ్ళ అంచుల్లోని నలుపు ఏ సబ్బుకీ పోలేదు. నిడదవోలు శివార్లలోని ఐటీఐలో పనిముట్ల గదికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతనే అటెండరు. ఈ సాయంత్రంతో రిటైరవుతున్నాడు.

ఆ గదికి ఒకటే పద్ధతి. పనిముట్టు తీసుకున్నవాళ్ళు తమ నెంబరున్న ఇత్తడి బిళ్ళని దాని మేకుకు వదలాలి. పనిముట్టు తిరిగొచ్చాకే బిళ్ళ తిరిగి చేతికొస్తుంది.

ఇవాళ కాకినాడ పంపుల కంపెనీవాళ్ళు ఉద్యోగాలకి టెస్టు పెడుతున్నారు. ఇనుపముక్కని మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చేలా అరగదీయాలి. ఫిట్టర్ ట్రేడులో ఉన్న ఒక్క ఆడపిల్ల, లోవలక్ష్మి, కిటికీ దగ్గర జేబులు తడుముకుంటోంది.

"బిళ్ళ ఇంకో యూనిఫాంలో ఉండిపోయిందండి, బాబాయిగారూ."

"బిళ్ళ లేందే ఇవ్వనమ్మా."

"ఇంటికెళ్ళొస్తే టెస్టు అయిపోద్దండి. ఇది రాకపోతే సోమవారం నుంచి రొయ్యల షెడ్డులో పనికేనండి, అమ్మ మాటిచ్చేసింది."

వెనకే వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ సత్యప్రసాద్ నవ్వాడు. "ఈ ఒక్కరోజూ కళ్ళు మూసుకోకూడదేంటండి, అప్పాజీగారూ?"

"రేపట్నుంచి మూసుకుంటానండి. ఇవాళ డ్యూటీలో ఉన్నాను."

అంటూనే నడుముకున్న తాళాల గుత్తి తీశాడు. అందులో ఒక ఇత్తడి బిళ్ళ, అంకెలు సగం అరిగి ఉంది. పదిహేడేళ్ళప్పుడు ఇక్కడే ఫిట్టర్ ట్రేడులో చేరితే అతనికిచ్చిన బిళ్ళ అది. నాలుగో నెలలో తండ్రి చనిపోవడంతో చదువు ఆగింది. బిళ్ళ మాత్రం ఎవరూ అడగలేదు.

దాన్ని మేకుకు తగిలించి, అన్నిటిలోకీ మంచి ఆకురాయిని వేలితో తడిమి చూసి ఇచ్చాడు.

"చెయ్యి ఊగనీకు. ఊగితే మధ్యలో ఉబ్బు మిగులుద్ది."

"ఆయ్."

పగలంతా వర్క్‌షాపులోంచి ఇరవై ఆకురాళ్ళ చప్పుడు. అందులో ఆమెది ఏదో అతనికి తెలుస్తూనే ఉంది. మొదట తడబడింది, తర్వాత పొడుగ్గా, నిదానంగా సాగింది. భార్య సుబ్బాయమ్మ కట్టిచ్చిన పనసపొట్టు కూర డబ్బాలోనే చల్లారింది.

నాలుగింటికి కంపెనీ మనిషి లోవలక్ష్మి ముక్కకి లంబకోణం చూసే మూలమట్టం ఆనించి వెలుతురుకెత్తాడు. ఇవతల కిటికీలో అప్పాజీ కూడా వంగాడు. సందులోంచి వెలుగు రాలేదు. కంపెనీ మనిషి ముక్కని తిప్పి పెట్టాడు. అటూ రాలేదు.

కాసేపటికి ఆమె ఆకురాయిని రెండు చేతులతో తెచ్చి కిటికీలో పెట్టింది. వేళ్ళకి బొబ్బలు.

"సోమవారం కాకినాడ రమ్మన్నారండి."

"అయితే అన్నండబ్బా కాస్త పెద్దది కొనుక్కో. దూరం కదా."

ఆమె వెళ్ళాక ఆకురాయిని దులిపి మేకుకు తగిలించాడు. తాళాలు సత్యప్రసాద్ చేతిలో పెట్టి, డబ్బా పట్టుకుని బస్సు వైపు నడిచాడు.

తలుపు వేయబోతూ సత్యప్రసాద్ గోడకేసి చూశాడు. అన్ని మేకులకీ పనిముట్లే ఉన్నాయి. ఒక్క దానికి మాత్రం, ఆకురాయి పక్కనే, అరిగిన ముప్ఫయ్యేడో నెంబరు బిళ్ళ కూడా వేలాడుతోంది.