నోరు విప్పినవాళ్లు ఓడినట్టు

ఊళ్లో ఫ్లూ ముదిరిందని ఇచ్చే సెలవులంటే బడికే సెలవు, తల్లులకి కాదు. ఫ్లూ వచ్చిన పిల్లలు బుద్ధిగా మంచమెక్కి పడుకుంటారు. రానివాళ్లు అదే మంచమెక్కి దూకుతారు. ఆ వారం మా ఇంట్లో ముగ్గురికీ రాలేదు.

సోఫియా నగరంలో మాది పాత కాంక్రీటు బిల్డింగు. గోడలెంత పల్చనంటే పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో చిరంజీవ అంటాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ చప్పుడు చెయ్యకూడదని బిల్డింగు నియమం. మా కింద ఉండే పెనెవ్ గారు ట్రామ్ డ్రైవరు. తెల్లారకుండానే మొదటి ట్రామ్ తీసేది ఆయనే కాబట్టి ఆ రెండు గంటలూ ఆయనకి నడిరాత్రి. మావాళ్లు గెంతితే లేచి గరిటెతో, అన్ని అంతస్తుల్లోంచీ పోయే హీటరు గొట్టం మీద వాయిస్తారు. ఆ మోత ఎనిమిదో అంతస్తు దాకా వినిపిస్తుంది. తప్పు చేసింది మేమని అందరికీ తెలిసిపోతుంది.

మా అత్తగారు త్స్వెతానా ముప్ఫయ్యేళ్లు శిశువిహార్లో పనిచేసిన మనిషి. పైసా ఖర్చు లేకుండా పిల్లల్ని ఆడించడం ఆవిడ విద్య. గుప్పెడు చిక్కుడుగింజలతో ఒక పూట గడిపేస్తారు. పాత గుండీలు దారానికి గుచ్చమని ఇంకో పూట. న్యూసుపేపరుతో టోపీలు, టోపీలు విప్పి పడవలు, పడవలకోసం స్నానాలగదిలో వరద. పెరుగు డబ్బాలకి దారం కట్టి టెలిఫోను. శుక్రవారం మధ్యాహ్నం రెండయ్యేసరికి సరుకంతా అయిపోయింది. అప్పుడు తీశారు మూగాట.

"దాక్కోండి. నోరు విప్పకండి. ముందు మాట్లాడినవాళ్లు ఓడినట్టు," అన్నారు ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి. "నేను మాయలు చేస్తాను, జాగ్రత్త. ఆట అయిపోయిందంటాను. కేకు తినండి రమ్మంటాను. కాలినా చేత పిలిపిస్తాను. నమ్మారో, పోయారే."

కాలినా అంటే నేను. ఆ ముగ్గురిలో తొమ్మిదేళ్ల రాలిత్సా, ఆరేళ్ల బోయన్ నా పిల్లలు. నాలుగేళ్ల తోష్కో నా ఆడపడుచు జోరా కొడుకు. జోరా ఆసుపత్రిలో నర్సు. బడికి సెలవైనా ఆవిడకి ఉండదు కనక, పొద్దున్నే వాణ్ణి మా గుమ్మంలో దింపి వెళ్తుంది.

"మా అమ్మ పిలిస్తే?" అని అడిగాడు తోష్కో.

"మీ అమ్మ గొంతుతో నేనే పిలుస్తానేమో, నీకెలా తెలుసు?"

"వీడెందుకు నానమ్మా ఆటలో?" అంది రాలిత్సా. "వీడు నిద్రలో కూడా వాగుతాడు."

వాడు ఉడుక్కోలేదు. అప్పటికే పెదాలు రెండూ లోపలికి మడిచేసుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ వారంలో మొదటిసారి కాఫీ వేడిగా తాగాను. అంతలో అత్తగారి ఊరివాడు మింకో బాబాయి, ఆయన అల్లుడు వచ్చారు, వెనకగదిలో పాత సోఫా పట్టుకుపోవడానికి. సీటు ఎత్తితే అడుగున దుప్పట్లు దాచుకునే పెట్టె ఉన్న రకం అది. దాన్లో పాత బొంతలు కూడా ఉన్నాయి, వాటితో సహా తీసుకుపొమ్మని ముందే చెప్పాం. అత్తగారు నోటిమీద వేలు పెట్టి సైగ చేస్తే ఇద్దరూ పిల్లుల్లా నడుస్తూ ఎత్తారు.

"ఏం బరువమ్మా ఇది," అన్నాడు మింకో బాబాయి గుసగుసగా. "అత్తగారినేమన్నా లోపల పెట్టావా?"

"లేదు బాబాయ్, వెనక నిలబడి వింటున్నారు."

బయట వాన, ఆయనదేమో పైకప్పు లేని చిన్న నీలం ట్రక్కు. బాల్కనీలో మొక్కలకి కప్పే నైలాన్ షీటు నేనే ఇచ్చాను. సోఫా చుట్టూ రెండు చుట్లు తిప్పి, తాడుతో బిగించి వెళ్లిపోయారు.

ఆ తర్వాత అత్తగారు వెతకడం మొదలుపెట్టారు. రాలిత్సా కోట్ల వెనక దొరికింది. బోయన్ బల్లకింద దొరికాడు. తోష్కో దొరకలేదు.

"చూశావా?" అన్నారు అత్తగారు గర్వంగా. "నోరు కట్టెయ్యడం నేర్పితే ఎవడైనా నేర్చుకుంటాడు."

మంచాల కింద చూశాం. బీరువాలు తీశాం. "తోష్కో, ఆటైపోయింది, నువ్వే గెలిచావు, రా నాన్నా," అన్నాను. జవాబు లేదు. ఇస్తే వాడు ఓడిపోతాడుగా. అత్తగారు కేకు ఉందన్నారు. ట్రామ్ ఎక్కిస్తామన్నారు. చివరికి జోరా గొంతు పెట్టి పిలిచారు.

బాల్కనీలో క్యాబేజీ ఊరవేసిన పీపా మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. ఉప్పునీళ్లు, ఆకులు. ఊపిరి పీల్చుకుని కటకటాల మీంచి కిందికి చూశాను. తడిసిన కార్లు తప్ప ఏమీ లేవు. సోఫా దించేటప్పుడు వీధి తలుపు బార్లా తీసి ఉందని గుర్తొచ్చి, మెట్లన్నీ దిగి వచ్చాను. లేడు.

పైకొచ్చేసరికి బోయన్ వెనకగదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. పెదాలు బిగించి ఉన్నాయి.

"నీకు తెలుసా వాడెక్కడున్నాడో?"

తల ఊపాడు.

"చెప్పు మరి."

చెప్పలేదు. మాట్లాడితే తనూ ఓడిపోతాడు. వేలు మాత్రం చాపి కార్పెట్టు వైపు చూపించాడు. అక్కడ సోఫా కాళ్లు ఏళ్లతరబడి నొక్కిన నాలుగు గుంటలున్నాయి.

నేను ఇచ్చిన నైలాన్. రెండు చుట్లు.

మింకో బాబాయికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. బండి నడుపుతూ ఫోన్ ఎత్తడం మహాపాపమని ఆయన నమ్మకం. బెల్టు పెట్టుకోకపోవడం గురించి అలాంటి పట్టింపులేవీ లేవు. అత్తగారు కార్పెట్టు మీద ఆ గుంటల పక్కనే కూలబడ్డారు. "ఫోన్ చేస్తూనే ఉండండి అత్తయ్యా," అని ఆవిడ చేతిలో పెట్టి పరిగెత్తాను.

మెట్ల మలుపులో పెనెవ్ గారు పైజమాలో, గరిటెతో ఎదురయ్యారు.

"టైమెంతయిందో తెలుసామ్మా? అది ఇల్లా, గుర్రాలశాలా?"

"మా తోష్కో సోఫాలో ఉండిపోయాడండీ. సోఫా ట్రక్కులో వెళ్లిపోయింది. మీద నైలాన్ కట్టాం."

ఆయన గరిటెని చూసుకున్నారు. దాన్ని మెట్టుమీద పెట్టి, "ఎటు?" అన్నారు.

"ఇస్కర్ లోయ వైపు."

పైజమా మీదే కోటు, టోపీ తగిలించుకొచ్చి తన పాత లాడా కారు తీశారు. అది దగ్గి, ఆగి, మళ్లీ దగ్గింది. నా జన్మలో ఏ యంత్రాన్నీ అంతగా బతిమాలలేదు. రోడ్డెక్కాక పెనెవ్ గారు రెండు ఎర్రలైట్లు దాటేశారు.

"ముప్ఫయ్యేళ్లుగా వీటి ముందు ఆగుతూనే ఉన్నాను," అన్నారు. "పెట్టెలో పిల్లాడికి గాలెంతసేపు వస్తుంది?"

"నాకు తెలీదు."

"సరే. మాట్లాడకు. ఎడమవైపు చూస్తూండు."

ఎడమవైపు గొడౌన్లు, టైర్ల కొట్లు, వాన. నీలం ట్రక్కు కనిపించినప్పుడల్లా ముందుకి వంగి చూశాను. మొదటిదాన్లో గొర్రెలున్నాయి. రెండోది ఖాళీ. ఊరు అయిపోతోంది. ఇంకాస్త పోతే రోడ్డు రెండుగా చీలుతుంది.

"మీ వాళ్లు భోంచేసి బయల్దేరారా?" అన్నారాయన హఠాత్తుగా.

"లేదండీ."

"అయితే ఎక్కడికీ పోరు." చీలికకి ముందు పొగలు కక్కుతున్న మాంసం కాల్చే కొట్టు దగ్గర బండి వేగం తగ్గించారు. చూరుకింద మింకో బాబాయి కెబాప్చెలు తింటున్నాడు. ట్రక్కు వానలో నిలబడి ఉంది.

బండి ఆగకుండానే దూకాను. మింకో బాబాయి "ఏంటమ్మా, బొంతలు వెనక్కి కావాలా?" అంటూనే ఉన్నాడు. అల్లుడు నా మొహం చూసి రొట్టె కోసే కత్తి అందుకుని తాడు కోశాడు. నైలాన్ ఒక పక్క గాలికి చిరిగి, లోపలి పలక కొంచెం బయటపడి ఉంది. మిగతాది గోళ్లతో చీల్చాను. నలుగురం కలిసి సీటు ఎత్తాం.

బొంతల మధ్య తోష్కో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. కళ్లు మూసి ఉన్నాయి. పెదాలు అలాగే లోపలికి మడిచి ఉన్నాయి.

"తోష్కో."

పలకలేదు. చెంప ముట్టుకున్నాను, వేడిగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఆ వేలికి తగిలినదాన్ని గాలి అనాలో, నా వణుకు అనాలో తెలియలేదు. పెనెవ్ గారు టోపీ తీశారు.

అప్పుడు వాడు ఒక కన్ను తెరిచి, మమ్మల్ని నలుగుర్నీ అనుమానంగా చూసి, మళ్లీ మూసుకున్నాడు.

ఎత్తుకున్నాను. మింకో బాబాయి తన కోటు విప్పి వాన పడకుండా వాడి తలమీద పట్టాడు. అల్లుడు వాడికి నీళ్లు పట్టాడు, రెండు గ్లాసులు తాగాడు. మాట మాత్రం లేదు. ఎక్కడ నొప్పి, ఊపిరాడుతోందా అని అందరూ అడిగారు. అన్నిటికీ తలే ఊపాడు.

మింకో బాబాయి జేబులో ఫోన్ ఇంకా మోగుతోంది. లాక్కుని తీశాను.

"ఉన్నాడు అత్తయ్యా. బాగానే ఉన్నాడు."

అవతల చప్పుడు లేదు. పదేళ్ల కాపురంలో ఆవిడ నాకు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. ఫోన్ తోష్కో చెవి దగ్గర పెట్టాను. కాసేపటికి సన్నగా ఏడుపు వినిపించింది. తర్వాత, "నాన్నా, నా బంగారూ, పలకరా, ఒక్కసారి పలకరా," అన్నారావిడ.

వాడు శ్రద్ధగా విన్నాడు. ఇది మాయేమోనని ఆలోచించాడు. నా చెవిదాకా వంగి, ఇంకా గుసగుసగానే, "అమ్మమ్మ మాట్లాడింది. ఓడిపోయింది," అన్నాడు.

"ఓడిపోయింది నాన్నా. నువ్వే గెలిచావు."

"అయితే ఉచ్చొస్తోంది," అన్నాడు గట్టిగా.

ట్రక్కు టైరు దగ్గర దింపాను. వాడు పని కానిస్తుంటే పెద్దవాళ్లం నలుగురం వానలో నిలబడి ఆ చప్పుడు విన్నాం.