వారిజ కథలో దొరకని వారం

‘నేను ఒక పుస్తకాన్ని’ అంటే అచ్చాఫీసులో పుట్టిన పుస్తకాలు ఒప్పుకోవు. వాటికి వెన్నుంటుంది, వెన్ను మీద పేరుంటుంది. నాకున్నది పురికొస కుట్టు. వారపత్రికలో సీరియల్ వచ్చిన కాగితాలు వారం వారం చింపి, పరుపు కింద దాచి, కథ అయిపోయాక గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టారు నన్ను. మైదాపిండి ఉడకబెట్టి పాత రైల్వే క్యాలెండరు అట్టలు అంటించారు. ముందువైపు ఒక ఇంజను పొగ వదులుతుంటుంది. వెనకవైపు ఏ ఏడుదో డిసెంబరు నెల.

నన్ను కుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో గార్డు గురవయ్య భార్య తాయారు. అత్తగారు ఆదెమ్మ పక్కన కూర్చుని దారం అందించింది. ఆ రోజుల్లో ఆ క్వార్టర్సులో ప్రతి ఇంటా ఇదే పని. పుస్తకం కొనాలంటే మొగుడి మొహం చూడాలి, వారపత్రికయితే కూరగాయల ఖర్చులో కలిసిపోతుంది. ఒకామె కొంటే వీధంతా చదివేది. అందరి చదువూ అయ్యాక కొన్నామె చింపుకునేది. కాగితానికి ఒకపక్క సీరియల్ ఉంటే రెండోపక్క వంటలో, సబ్బు ప్రకటనో ఉండేవి. అందుకని నా ఒంట్లో వారిజ కష్టాల వెనకాల ఇప్పటికీ గోంగూర పచ్చడి చేసే విధానం ఉంది.

వారిజ అంటే నాలోని కథలో పిల్ల. పెళ్లయింది, చదువుంది, పరాయి ఊళ్లో టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో వద్దన్నారు. అదే కథ. అంత చిన్న కథని రాసినావిడ ఏడాది పైగా నడిపింది, నడిపినంతకాలమూ కాలనీలో మధ్యాహ్నం పూట ఒక్క పొయ్యీ వెలగలేదు. ఆవిడ పేరు నా దగ్గర లేదు. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని తాయారు పైభాగాన్ని కత్తిపీటతో కోసేసింది, ప్రతి వారం పేరుండేది అక్కడే. అప్పట్నుంచి అందరికీ ఆవిడ ‘రాసినావిడ’. ‘రాసినావిడ ఊరికే రాయదు లేమ్మా’ అనుకునేవాళ్లు, చీర కొనేముందు కూడా.

నాలో ఒక వారం లేదు. ఆ వారం పత్రికని గురవయ్య తన లైన్ బాక్సులో పెట్టుకుని పోయాడు. గార్డులు డ్యూటీకి జెండాలూ దీపమూ పెట్టుకుని మోయించుకుపోయే ఇనప్పెట్టె అది. గూడూరులో తాయారు స్నేహితురాలికి చూపించి తెస్తానన్నాడు. పెట్టె తిరిగొచ్చింది, పత్రిక రాలేదు. బండి దిగిన గార్డులూ డ్రైవర్లూ పడుకునే రన్నింగ్ రూములో ఎవరో అన్నం కింద పరిచారట. దాంతో నా ఒక పేజీలో వారిజ సంచీ పట్టుకుని నడవలో నిలబడి ఉంటుంది, ఇంటిల్లిపాదీ చుట్టూ ఉంటారు. పేజీ తిప్పితే పరాయి ఊళ్లో చెవులకి యంత్రం తగిలించుకుని ‘నంబర్ ప్లీజ్’ అంటుంటుంది. నడవ ఎలా దాటిందో లేదు.

మనుషుల తమాషా ఇక్కడ చూశాను. ఆ వారం చదివినవాళ్లు వీధిలో చాలామందే. ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెప్పారు, ఒట్టు పెట్టి మరీ. స్టేషన్ మాస్టరు భార్య కనకవల్లి, వారిజ మొగుడే టిక్కెట్టు కొని కిటికీ దగ్గర నిలబడి చెయ్యూపాడంది. పొద్దస్తమానం ప్లాట్‌ఫారం మీదుండే కనకవల్లి మొగుడు, ఆమె పుట్టింటికి పోయే బండి దగ్గరికి ఏనాడూ రాలేదు. డ్రైవరు భార్య ఎస్తేరు, వారిజ చెప్పులు చేతబట్టుకుని దొడ్డిదోవన పోయిందంది. ఎస్తేరు మొగుడు తాగొచ్చిన రోజున ఆమెకి దొడ్డిదోవే దోవ. నేను వింటూ ఊరుకున్నాను. పుస్తకం కల్పించుకోకూడదు గదా.

తర్వాత గురవయ్య పోయాడు. గూడూరు రన్నింగ్ రూములో పడుకున్నవాడు లేవలేదు.

తాయారుని వెనకగది మూలన కూర్చోబెట్టారు. మొగుడు పోయినామె కొన్నాళ్లు ఆ మూల వదిలి రాకూడదని వాళ్ల రివాజు. పరుపు వద్దన్నారు, దిండూ వద్దన్నారు. ఆమె నన్ను తలకింద పెట్టుకుంది. ఆ తల బరువు నాకు తెలుసు. ఏడవలేదు. అటు గోడ, ఇటు గుమ్మం, ఏది చూసినా ఒకటే చూపు. కాగితాన్ని కాబట్టి నాకేమీ అనిపించలేదు. ఆమెకీ అంతే. స్నానం చెయ్యమంటే ‘అట్టనే’ అనేది. అన్నం తినమంటే ‘అట్టనే’. పళ్లెం మాత్రం అలాగే ఉండేది.

రైల్వేలో పనిచేస్తూ చనిపోతే ఇంట్లో ఒకరికి పనిస్తారు. తాయారుకి పిల్లల్లేరు. పెళ్లాం చెయ్యనంటే, ఆమె ఎవర్ని చూపిస్తే వాళ్లకి. మరిది మాలకొండయ్య గుమ్మం దగ్గర నిలబడి మర్యాదగానే అడిగాడు.

“వదినా, మగోళ్ల మధ్య నువ్వు నిలబడి చేసేదేంది? నాకిమ్మని ఒక సంతకం పెట్టు. నిన్ను నేను చూసుకోనా?”

“అట్టనే” అంది తాయారు.

చెడ్డవాడు కాదు. చూసుకునేవాడే. వాడికి రాబోయే భార్య చూసుకోనిచ్చేదో లేదో, అది వేరే సంగతి. ఆ సంతకం పడితే ఈమెకిక ఎవరి పంచనో ఒక మూల, ఆ మూలకి గడువుండదు. ఆమెకది తెలుసు. తెలిసినా ఏమీ అనిపించని దశలో ఉంది, నేను చెప్పేది అదే.

సంతకం కోసం రైల్వే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు వస్తాడనగా ముందురోజు మధ్యాహ్నం ఎస్తేరూ కనకవల్లీ వచ్చి కూర్చున్నారు. చావింట్లో గరుడ పురాణం చదివిస్తారు. ఎస్తేరుకి అది తెలియదు. నన్ను తలకిందనుంచి లాగి వారిజ కథ చదవడం మొదలుపెట్టింది. చదివీ చదివీ నడవ దగ్గర ఆగింది.

“ఇక్కడే గదా, చెప్పులు చేతబట్టుకుంది.”

“నీ మొహం. మొగుడు టిక్కెట్టు తెచ్చాడు.”

“ఏ మొగుడక్కా, నీ మొగుడా?”

కనకవల్లి మూతి తిప్పుకుంది. అప్పుడు మూలనుంచి తాయారు, “ఇంతకీ ఆ పిల్లని ఎవరు పొమ్మన్నారు?” అంది. మూలన కూర్చున్నాక తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

ఇవతల గదిలోంచి మాలకొండయ్య నవ్వాడు. “కథలు జూసుకుని కాపరాలు చేస్తారా మీరు?”

ఆదెమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

“ఎవురూ పొమ్మనలా. ఆ పిల్ల అడగనే లేదు. చెప్పింది.”

“నీకు చదువొచ్చా ఏంటమ్మా?” అన్నాడు కొడుకు.

“చదివింది ఈమె, విన్నది నేను. ప్రతి వారం ఇట్టనే రాళ్లేరుకుంటా విన్నా. పోతున్నానని చెప్పింది. వద్దన్నారు. వద్దన్నా పోయింది. అంతే.”

“ఇంకేం జెప్పలేదా పిన్నీ?” అంది ఎస్తేరు.

“ఇంకేం జెప్పాలి?”

ఆ వారంలో నిజంగా అలాగే ఉందో, అందరిలాగే ఆదెమ్మా సొంతంగా అల్లిందో నాకు తెలియదు. ఆ మాట తన కొడుకు నోటి దగ్గర కూడు తీస్తుందని మాత్రం ఆమెకి తెలుసు. ఒక రాయి తీసి బయటికి విసిరింది. మళ్లీ ఏరుకుంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి ఇవతల గదిలో కుర్చీలో కూర్చున్నాడు. “ఆమె బయటికి రాకూడదు సార్, కాగితం లోపలికియ్యండి” అన్నాడు మాలకొండయ్య. ఈలోపు తాయారు లేచింది. గడువు తీరకుండానే మూల వదిలింది. గోడ పట్టుకుని నడిచి, గుమ్మం దాటి ఆయన ముందు నిలబడింది.

“ఆ పని నేను చేస్తాను” అంది.

“వదినా” అన్నాడు మరిది.

“నేను చేస్తానని చెప్తున్నా.”

గొంతులో ధైర్యమూ లేదు, భయమూ లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఇన్‌స్పెక్టరు మొదట ఆదెమ్మ మొహం చూశాడు. ఆదెమ్మ గోడవైపు చూస్తోంది. ఆయన కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకున్నాడు.

మాలకొండయ్య కావలి పోయి లారీల షెడ్డులో చేరాడు, చాలా ఏళ్లు వదినతో మాట్లాడలేదు. ఆదెమ్మ ఆ రోజంతా దొడ్లో కూర్చుని ఏడ్చింది. తెల్లారి లేచి కోడలికి క్యారేజీ కట్టింది. సంతోషించారా అని అడక్కండి. అన్నం మాత్రం ఇద్దరూ తిన్నారు.

తాయారుకి స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూము చూసుకునే పని ఇచ్చారు. ఊడవడం, కుండలో నీళ్లు పట్టడం, మగవాళ్లని రానివ్వకపోవడం. నన్ను తెచ్చి అక్కడి బల్ల మీద పెట్టింది. ఆమెకిక చదివే తీరిక లేదు.

బల్ల మీదే ఉన్నాను ఇన్నేళ్లూ. నన్ను మొదట్నుంచి చివరిదాకా చదివినామె లేదు, బండి ఆలస్యమైనంతసేపే చదువు. ఒకసారి చంకన పిల్లనెత్తుకున్న ఒకామె ఒకే పేజీని తిప్పకుండా చాలాసేపు చూసింది. చుట్టూ చూసి, చప్పుడు వినపడకుండా దగ్గుతూ చింపుకుంది. తాయారు చూసింది. చూసి, బకెట్టు తీసుకుని అవతలికి పోయింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొందరు వారిజ కోసం, ఎవరో ఒకామె గోంగూర పచ్చడి కోసం కూడా.

ఇప్పుడు నాలో అట్టలు, దారం, గుప్పెడు కాగితాలు మిగిలాయి. నొప్పేమీ లేదు. చింపిన కాగితాలు ఏ ఊళ్లో ఎవరి బియ్యం డబ్బా అడుగున ఉన్నాయో, వాటితో వాళ్లేం చేశారో నాకు తెలిసే దారి లేదు. కొన్ని పొయ్యిలోకీ పోయుంటాయి.

నిన్న ఒకామె చింపబోయి ఆగింది. నుదుటిమీద పాత గాటు ఉంది. తాయారుని చూసి సిగ్గుపడింది.

“ఇంకా చదవాల్సినోళ్లు ఉంటారేమో అత్తా.”

“ఉంటార్లే. నువ్వు తీసుకో” అంది తాయారు, నేల తుడుస్తూనే.

ఆమె కాగితం చింపి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. బండి వచ్చింది. ఎక్కింది.