గిడ్డంగి కప్పు మీద మచ్చ

ద్రొజ్దోవ్ ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ ఎరిగిన మనిషి ఒక్క ఫెలిక్సే మిగిలాడు. నలభై రెండేళ్లు వాటి మీద పాకి పెంకులు వేశాడు. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. భార్య హొనొరాతా పోయి రెండేళ్లయింది. నోరు మాత్రం పోలేదు. ఊళ్లో జనం దానికే జడిసి పక్క సందులోంచి పోయేవాళ్లు.

డిసెంబరు ఎనిమిదో తారీకు పొద్దున ఒకమ్మాయి తలుపు తట్టింది. పేరు కింగా. జిల్లాలో పాత కట్టడాలు చూసుకునే ఆఫీసులో పని. ఒక చేతిలో పెట్టె, చంకలో పలకంత తెర.

"ఫెలిక్స్ గారూ, ఊరిని పైనుంచి ఫొటోలు తీస్తున్నాం. ఏ కప్పు ఎప్పుడు వేశారో, ఏది ముందు బాగుచేయాలో చెప్పేవాళ్లు కావాలి. టౌన్‌హాల్లో మీ పేరు చెప్పారు."

"ఇంకేం చెప్పారు?"

"తిడతారని చెప్పారు."

"అయితే ఒక ముక్క నిజం చెప్పారు. పద."

చౌకులో రాళ్ల మీద మంచు తెల్లగా పేరుకుంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. కింగా పెట్టెలోంచి డ్రోన్ తీసి రాళ్ల మీద పెట్టింది. అది కందిరీగలా రొద చేస్తూ గడియారం గోపురం దాటి పైకి పోయింది. ఇద్దరూ బల్ల మీద కూర్చుని తెరలోకి చూశారు.

ఫెలిక్స్ ఎప్పుడూ ఒక్కొక్క కప్పునే చూశాడు. మోచేతికి తగిలేంత దగ్గరలో చూశాడు. ఊరంతా ఒకేసారి చూడటం ఇదే మొదలు. నడుమ నలుచదరం చౌకు, దాని మధ్య టౌన్‌హాలు. నాలుగు మూలల నుంచి రెండేసి వీధులు, గీత గీసినట్టు. వీధి పొడవునా ఇరుకిరుకు ఇళ్లు భుజం భుజం రాసుకుని నిలబడ్డాయి. ఎర్ర కప్పుల వెనక నూతుల్లాంటి చీకటి పెరళ్లు. ఒక పక్కన ఇటుక చర్చి, ఏటవాలు కప్పుతో, బోర్లించిన పడవలా ఉంది. ఊరి చుట్టూ పాత గోడ గుర్రపు నాడాలా వంగి నది దగ్గర ఆగిపోయింది. గోడ అవతల తారు కప్పుల అపార్ట్‌మెంట్లు వరసగా ఉన్నాయి.

"ఆ చెప్పుల డబ్బాలు తీయకు" అన్నాడు.

"అవీ ఊరేనండీ. మా అమ్మా నాన్నా అక్కడే ఉంటారు."

"వాన పడితే బకెట్లు పెట్టుకుంటారుగా."

"మూడు పెట్టుకుంటారు" అంది కింగా నవ్వుతూ.

అతనికి ఆ పని నచ్చింది. పైనుంచి చూస్తే ఎవరి తప్పయినా దాగదు. పళ్ల డాక్టరు కప్పులోంచి తీసిన కిటికీ కురుపులా లేచింది. మందుల దుకాణం వాడు రేకు వేసి ఎర్రరంగు పూశాడు, అది బొమ్మ బండిలా మెరుస్తోంది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టాడు. కింగా తిట్లు వదిలేసి సంవత్సరాలు రాసుకుంది.

డ్రోన్ నది వైపు తిరిగింది. తెర మీదికి పాత ధాన్యం గిడ్డంగి వచ్చింది. ఊళ్లో అంత పొడుగు కప్పు ఇంకోటి లేదు. దాని నడుమ పైనుంచి కిందికి వంకరగా ఒక గీత ఉంది. అక్కడ పెంకులు కోసి అతికించారు. ఊళ్లో దాన్ని మచ్చ అంటారు.

ఫెలిక్స్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆ కప్పు వేసింది ఇద్దరు. పడమటి కొస నుంచి హొనొరాతా తమ్ముడు గుస్తావ్, తూర్పు కొస నుంచి ఫెలిక్స్. నడుమ కలుసుకోవాలి. కలిసే రోజుకి వరసలు నాలుగు వేళ్లు తేడా వచ్చాయి. కింద ఊరంతా నిలబడి నవ్వింది. పనివాళ్ల సంఘం వాళ్లు నిచ్చెనెక్కి చూశారు. కప్పు మీద నిలబడితే ఏ సగం వంకరో తెలియదు, రెండూ తిన్నగానే కనిపిస్తాయి. తప్పు ఎవరిదో సంఘం కాగితంలో పేరు రాయాలి. ఫెలిక్స్ పెద్ద మేస్త్రీ. గుస్తావ్ పేరు రాసి సంతకం పెట్టాడు. గుస్తావ్‌ని సంఘంలోంచి తీసేశారు. అతను వంతెన దాటిపోయి సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు. మళ్లీ కప్పెక్కలేదు.

హొనొరాతా దెబ్బలాడలేదు. క్రిస్మస్ ముందు సాయంత్రం భోజనానికి ప్రతి ఇంట్లోనూ అనుకోని అతిథి కోసం ఒక ఖాళీ పళ్లెం పెడతారు. ఎవరయినా దాన్ని బల్ల కొసన పెడతారు. ఆమె ఫెలిక్స్ కుడి పక్కన, గుస్తావ్ కూర్చునే చోట పెట్టేది. ఆచారం కాబట్టి అతను నోరెత్తలేకపోయాడు. ముప్పై ఆరు క్రిస్మస్‌లు ఆ పళ్లెం పక్కన తిన్నాడు. ఆమె పోయాక పళ్లెం పెట్టలేదు. వంటింట్లో నిలబడి రొట్టె తిని పడుకున్నాడు.

"ఇది చూడండి" అంది కింగా. బొమ్మను పెద్దది చేసింది. ఏటవాలు ఎండకి ఒక్కొక్క వరస కింద సన్నని నీడ పడింది. కప్పు గీతలు గీసిన కాగితంలా ఉంది.

అతను వంగి చూశాడు. కప్పు రెండు వాలులూ నెత్తిన కలిసే వెన్నుగాడి ఒక కొస నుంచి ఇంకో కొసకి బాణంలా పోయింది. పడమటి సగంలో వరసలన్నీ దాని వెంటే పోతున్నాయి. తూర్పు సగంలో కాదు. నది వైపు గోడ తూర్పు కొసన జానెడు బయటికి తిరిగి ఉంది. దానితో పాటు చూరూ బయటికి తిరిగింది. ఆ చూరు పట్టుకుని వెళ్లిన వరసలన్నీ దాని వెంటే వాలిపోయాయి. కింద నిలబడితే కనిపించదు. పక్షికి కనిపిస్తుంది.

కప్పు పని మొదలెట్టిన పొద్దున గుస్తావ్ అన్న మాట చెవిలో పడ్డట్టయింది. బావా, పాత గోడని నమ్మొద్దు, వెన్నుగాడి నుంచి కొలుద్దాం. కింద నలుగురు కూలీలు వింటున్నారు. "అక్కడి నుంచి కొలవడం పిచ్చుకల పని. మనుషులు చూరు నుంచి కొలుస్తారు" అన్నాడు ఫెలిక్స్. కూలీలు నవ్వారు. గుస్తావ్ తన సగం వెన్నుగాడి నుంచే కొలిచాడు.

కింగా సంచిలోంచి పాత కాగితం నకలు తీసింది. "ఈ కప్పు వసంతంలో విప్పి మళ్లీ వేస్తారు. ముందు తప్పెక్కడ జరిగిందో నేను రాయాలి. ఇందులో గుస్తావ్ అనే ఆయన పేరుంది. మరి బొమ్మలో..." అని ఆగింది. ఆమెకీ కనిపించింది.

"రాయి. తప్పు తూర్పు సగానిది. వేసింది ఫెలిక్స్ గావ్రోన్."

"పేరు అక్కర్లేదండీ. గోడ వంకర అని రాస్తే సరిపోతుంది."

"గోడ మూడొందల ఏళ్లుగా అక్కడే ఉంది. వరసల కొలతకి నూలు తాడు పట్టుకున్నది గోడ కాదు. పేరు రాయి, అమ్మాయ్. కింద నా సంతకం తీసుకో. ఆ బొమ్మ అచ్చు తీసివ్వు."

మధ్యాహ్నానికి వంతెన దాటాడు. ఆ మోకాళ్లతో అంత దూరం నడిచి ఏడాదయింది. హొనొరాతాను పాతిపెట్టిన రోజు గుస్తావ్ శ్మశానం గేటు బయట టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఫెలిక్స్ చూశాడు, రమ్మనలేదు. ఇప్పుడు గుస్తావ్ తనని గుమ్మంలో నిలబెట్టినా అడిగే హక్కు లేదు.

గుస్తావ్ పాకలో సైకిల్‌ని తలకిందులు చేసి చక్రం తిప్పుతున్నాడు. డెబ్బై ఏళ్లవాడు, జుట్టంతా తెలుపు. తల ఎత్తి చూశాడు. చక్రం ఆగాక అడిగాడు.

"ఎవరయినా పోయారా?"

"లేదు."

"మరి దారి తప్పావా?"

ఫెలిక్స్ ఫొటో ఇచ్చాడు. దాని వెనక, పొద్దున తను సంతకం పెట్టిన కాగితం నకలు. గుస్తావ్ చేతులు తుడుచుకుని వెలుతుర్లోకి వెళ్లాడు. గ్రీజు అంటిన వేలితో వెన్నుగాడి మీద గీశాడు, తర్వాత చూరు మీద. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది ఆ రోజే చెప్పాను."

"చెప్పావు."

"నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఉంది."

"అను."

"ఎందుకురా?"

"ముప్పై ఎనిమిదేళ్లు నేనొక్కణ్ణే మోశాను. నీ నోటితో ఒకసారి విననీ."

"పిచ్చుకల పని అన్నాను" అన్నాడు ఫెలిక్స్. దగ్గి మళ్లీ పూర్తిగా అన్నాడు. "అక్కడి నుంచి కొలవడం పిచ్చుకల పని అన్నాను."

గుస్తావ్ తల ఊపాడు. "క్షమించమని అడగడానికొస్తే వెళ్లిపో బావా. నా దగ్గర అది లేదు. ఉంటే అక్క బతికుండగా ఇచ్చేవాణ్ణి."

"అందుకు రాలేదు. కాగితం ఇవ్వడానికొచ్చాను." టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "పండగనాడు పళ్లెం పెడతాను. ఎవరూ రాకపోయినా పెడతాను."

"నీ కుడి పక్కనేనా? అంచు విరిగిన పళ్లెం?"

ఫెలిక్స్ వెనక్కి తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"అక్క చెప్పింది. శుక్రవారాలు వచ్చేది కదా."

"శుక్రవారాలు చేపలకి వెళ్లేది."

"ఆ చేపలు నేనే పట్టేవాణ్ణి."

హొనొరాతా తెచ్చే చేపలు ఎప్పుడూ వేలెడంతే ఉండేవి. బజార్లో మోసపోతున్నావని ప్రతి శుక్రవారం తిట్టేవాడు. ఆమె ఊరుకుని ముళ్లు తీసి పెట్టేది.

"నీకు చేపలు పట్టడం ఇప్పటికీ రాదా?" అన్నాడు ఫెలిక్స్.

"రాదు. నీకు వండటం వచ్చా?"

"రాదు."

గుస్తావ్ ఫొటోని గోడకి ఆనించి పెట్టాడు, సరిగ్గా సైకిల్ గొలుసుల పైన. కాసేపు దాన్నే చూశాడు. "వసంతంలో ఎవరు వేస్తున్నారు ఈ కప్పు?"

"పట్నం నుంచి కుర్రాళ్లొస్తారట. ఎవరో ఒకరు నూలు చూపించాలి. నేను ఎక్కలేను."

"నేను ఎక్కగలను. నువ్వు కింద కొస పట్టుకుని నిలబడు." మళ్లీ చక్రం దగ్గర కూర్చున్నాడు. "ఎటు నుంచి కొలవాలి?"

"పిచ్చుకల వైపు నుంచి."

గుస్తావ్ నవ్వలేదు. చక్రం తిప్పాడు. "పండగ చేప నేను తెస్తాలే. చిన్నదే ఉంటుంది, గొణక్కు."

ఫెలిక్స్ ఇంటికొచ్చేసరికి నాలుగయింది. కోటు విప్పకుండానే అలమారలోంచి అంచు విరిగిన పళ్లెం తీశాడు. రెండేళ్ల దుమ్ము కడిగాడు. బల్ల మీద కుడి పక్కన పెట్టాడు. పండక్కి ఇంకా పదహారు రోజులున్నాయి. పళ్లెం అక్కడే ఉంచాడు.