పదిన్నర బస్సుకి ఆరుగురు

పదిన్నర బస్సు పదిన్నరకి వచ్చిన రోజు టైలరమ్మకి గుర్తులేదు. పదీ నలభై అయిదుకి వచ్చిందంటే ఆ రోజు డ్రైవరు ఇంట్లో పెందలాడే తెల్లారిందన్నమాట. పదకొండుకి వస్తే మామూలే. పదకొండు దాటితే మాత్రం ఆమె రోడ్డు మీదికొచ్చి మలుపు వైపు తొంగి చూసేది. పెద్దాసుపత్రిలో పన్నెండింటికి వార్డులోకి భోజనాల బండి వస్తుంది. ఆ వేళకి తను మంచం పక్కన లేకపోతే అక్క నోరు తెరవదు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి. నర్సులు చెంచా పెడితే పళ్ళు బిగబట్టేస్తుంది. చెల్లెలు జావ పడితేనే మింగుతుంది. రెండేళ్ళుగా ఇదే వరస.

ఆ బస్సు పోతే తర్వాతది ఒంటిగంటన్నరకి. మెయిన్ రోడ్డు దాకా నడిస్తే బోలెడు బస్సులు, ఎవరు కాదన్నారు? నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మోకాళ్ళు ఆ మాట వింటేనే మొండికేస్తాయి. రోజూ ఆటో ఎక్కే తాహతూ ఆమెకి లేదు. కాబట్టి ఉన్నది ఒక్కటే, పదిన్నర బస్సు.

ఇక ఆ స్టాపు సంగతి. స్టాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఇనప స్తంభం, దాని నెత్తిన తుప్పు పట్టిన రేకు, అంతే. ఒకప్పుడు బెంచీ ఉండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పీక్కెళ్ళిన మహానుభావులు మళ్ళీ తెచ్చి వెయ్యడం మర్చిపోయారు. అక్కడ పొద్దున్నే మొదలయ్యే ఎండకి పదకొండయ్యేసరికి మాడు పేలిపోతుంది. ఆ ఎండలో రోజూ నిలబడేది ఎవరయ్యా అంటే, ఏడుగురు ముసలివాళ్ళు. కుర్రవాళ్ళకి బళ్ళున్నాయి, వాళ్ళకి స్టాపుతో పనేముంది!

ఆ ఏడుగురిలో టైలరమ్మ ఒకతె. లైబ్రరీకి వెళ్ళే డ్రాయింగు మాస్టారు ఒకరు. వాచీలు బాగుచేసి చేసి కళ్ళు పోగొట్టుకున్న పెద్దాయనా, ఆయన్ని చెయ్యి పట్టుకుని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళే ఆయన భార్యా ఇద్దరు. నడుము నొప్పికి కరెంటు పెట్టించుకునే తోడికోడళ్ళు ఇద్దరు. ఏడో మనిషిని అందరూ రేడియో అంటారు. ఆయనకి ఎక్కడా ఏ పనీ లేదు. "ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరు? బస్సులో అయితే మధ్యలో దిగిపోలేరు కదా" అని ఆయనే చెప్పేవాడు.

స్టాపుకి ఇరవై అడుగుల దూరంలో ఇస్త్రీ షాపు ఉంది. లోపల గోడవారగా పొడుగాటి బల్ల. ఏడాది కిందట టైలరమ్మకి ఒక ఆలోచన వచ్చింది. "ఒక్క బస్సుని ఆపడానికి ఏడుగురం మాడిపోవడం ఎందుకండీ? రోజుకొకళ్ళం నిలబడదాం. మిగతావాళ్ళం లోపల కూర్చుందాం" అంది. ఇస్త్రీ షాపతను పాపం మంచివాడు. గోడ మీద సుద్దముక్కతో ఏడు గీతలు గీశాడు, ఎవరి వంతు ఎప్పుడో తెలియడానికి. వంతున్నవాళ్ళు బస్సుని చూసి చెయ్యెత్తేవాళ్ళు. డ్రైవరు ఆపి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. లోపలి ఆరుగురూ నడుములు పట్టుకుని, చెప్పులు వెతుక్కుని, ఒకరినొకరు విసుక్కుంటూ వచ్చి ఎక్కేదాకా బండి కదిపేవాడు కాదు. ఆ ఏర్పాటు చేసినందుకు టైలరమ్మని అందరూ నెత్తిన పెట్టుకున్నారు.

అలాంటిది ఒకరోజు స్తంభానికి కాగితం అతికించి ఉంది. రేడియో పెద్దగొంతుతో చదివాడు. "ప్రయాణికులు లేనందున వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పదిన్నర ట్రిప్పు రద్దు చేయడమైనది."

"ప్రయాణికులు లేకపోవడమేమిటి? మరి మనమెవరం?" అంది వాచీలాయన భార్య.

మర్నాడు టైలరమ్మ, మాస్టారు డిపోకి వెళ్ళారు. ఆసుపత్రిలో అక్కకి జావ పట్టి, అక్కణ్ణించి రెండు బస్సులు మారి, మూడు కిటికీల దగ్గర నిలబడి, చివరికి ఒక ఆఫీసరు ముందు కుర్చీలో కూలబడేసరికి టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆఫీసరు విసుక్కోలేదు. ఫైలు తెప్పించి ఒక కాగితం వాళ్ళ వైపు తిప్పాడు.

"చూడండమ్మా. మావాడు ఐదు రోజులు వచ్చి రాసుకున్నాడు. సరిగ్గా పదిన్నరకి స్టాపులో ఉన్నవాళ్ళు ఎందరో వేశాడు. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, బుధవారం ఒకరు. ఐదు రోజులూ ఒక్కరే."

టైలరమ్మ కాగితం మీదికి వంగింది. ఆ సోమవారం నిలబడింది తనే. రోడ్డుకి అవతల నారింజరంగు కోటు వేసుకుని ఒకతను అట్ట మీద ఏదో రాసుకుంటుంటే చూసింది కూడా. మళ్ళీ రోడ్డు తవ్వడానికి కొలతలు తీస్తున్నాడేమో అనుకుని, తనకెందుకులెమ్మని కొంగు నెత్తిన కప్పుకుంది.

"మిగతావాళ్ళం లోపల కూర్చుంటాం బాబూ" అంది.

"లోపలంటే?"

"ఇస్త్రీ షాపులో."

"ఇస్త్రీ షాపులో కూర్చున్నవాళ్ళు మాకు ప్రయాణికులెలా అవుతారమ్మా?" అన్నాడు ఆఫీసరు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. "పోనీ టికెట్లు చూద్దామంటే మీ అందరివీ పాసులాయె. మిషన్లో కూడా మీరు కనబడరు."

మాస్టారు గొంతు సవరించుకుని తమ వయసులూ, రోగాలూ, ఎండా అన్నీ ఓపిగ్గా చెప్పారు. ఆఫీసరు విన్నాడు. విని, "మళ్ళీ లెక్క వేయిస్తాను" అన్నాడు. "ఈ రెండు వారాల్లో ఏదో ఒక రోజు మావాడు వస్తాడు. ఏ రోజన్నది మాత్రం చెప్పను. చెప్తే మీరు వీధివీధంతా తెచ్చి నిలబెడతారు. పదిన్నరకి స్టాపులో ఆరుగురుంటే ట్రిప్పు ఉంటుంది, లేకపోతే నేనేం చెయ్యలేను."

మర్నాడు ఇస్త్రీ షాపులో టైలరమ్మ అందరి ముందూ తలవంచుకుని చెప్పింది. "నేను పెట్టిన వంతులే మన కొంప ముంచాయి."

"ఊరుకోవమ్మా! ఆ వంతులే లేకపోతే ఈపాటికి మనలో ఇద్దరు హరీమనేవాళ్ళు" అన్నాడు రేడియో.

"ఇద్దరేం ఖర్మ, మా ఆయనొక్కడే రెండుసార్లు అనేవాడు" అంది వాచీలాయన భార్య. ఆ మాటకి ఆయన కూడా నవ్వాడు. ఇస్త్రీ షాపతను తడిగుడ్డ తీసుకుని గోడ మీద గీతలు తుడిచేశాడు. ఇంక వంతుల్లేవు, రోజూ అందరూ నిలబడాల్సిందే.

చెప్పడానికి తేలికే. పదిన్నరకి ఐదు నిమిషాల ముందు వచ్చి, లెక్కలవాడు ఆలస్యంగా వస్తాడేమోనని బస్సొచ్చేదాకా, అంటే అరగంట, ఒక్కోరోజు ముప్పావుగంట. మొదటి రెండు రోజులూ రోషంతో గడిచిపోయాయి. మూడో రోజు నుంచి కాళ్ళు లాగడం మొదలైంది. తోడికోడళ్ళు ఒకరి నడుము మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడేవారు. బతుకంతా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు! వాచీలాయన స్తంభాన్ని కావలించుకునేవాడు. రేడియో వాగుడు తగ్గించాడు, ఆయాసం వస్తోందని. నారింజరంగు కోటు మాత్రం ఎక్కడా కనబడదు. రోడ్డు మీద ఆ రంగు బట్ట ఎవరు కట్టినా ఏడు తలకాయలూ అటు తిరిగేవి.

ఆరో రోజున మాస్టారికి కంటి ఆపరేషను పడింది. నెల్లాళ్ళు ఎండలోకి రావద్దన్నారు. దాంతో సరిగ్గా ఆరుగురు మిగిలారు, ఒక్కరు తగ్గడానికి వీల్లేదు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అక్క నిద్రలోనే పోయింది. టైలరమ్మ ఫోను పట్టుకుని మంచం మీద అలా కూర్చుండిపోయింది. మనసులో తిరిగిందల్లా ఒక్కటే మాట, నిన్న నాలుగు చెంచాలు ఎక్కువే తాగింది కదా అని. ఇస్త్రీ షాపతను షట్టరు దించేసి ఆటో తెచ్చాడు. వార్డులో అన్ని కాగితాల మీదా వేలు పెట్టి చూపించి ఆమె చేత సంతకాలు చేయించాడు. చివరిదాకా కొడుకులా పక్కనే ఉన్నాడు. ఆమె అందరి ముందూ బిగబట్టుకుని, ఇంటికొచ్చి తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు గడప దాటలేదు. ఆమెకింక ఏ బస్సుతోనూ పనిలేదు. పన్నెండింటికి ఎక్కడా ఉండాల్సిన అవసరం లేదు. గడియారం పదిన్నర కొట్టినప్పుడల్లా కాళ్ళు మాత్రం చెప్పుల కోసం కదిలేవి. ఇస్త్రీ షాపతను సాయంత్రాలు వచ్చి తొంగి చూసి పోయేవాడు. ఆరో మనిషిగా తనే నిలబడుతున్నానని, లెక్కలవాడు ఇంకా రాలేదని చెప్పాడు. ఒక రోజు స్తంభం దగ్గరుండగా షాపులో ఎవరిదో ప్యాంటు కాలిపోయిందట, ఆ మాట కూడా దాచలేదు పిచ్చివాడు.

పదమూడో రోజు పొద్దున్న ఆమె లేచి, మొహం కడుక్కుని, పొయ్యి వెలిగించి, జావ కలిపి, గిన్నె దించాక గానీ తనేం చేసిందో తెలియలేదు. చేతులకి చెప్పేవాళ్ళెవరు, అక్క లేదని! పారబొయ్యబోయింది. మనసొప్పలేదు. డబ్బాలో పోసి మూత బిగించింది. కాసేపు దాని వంకే చూస్తూ కూర్చుంది. వంతులు పెట్టింది తను. తను పోగొట్టిన బస్సు ఆ ఐదుగురికీ తిరిగి రావాలంటే ఆరో తలకాయ కావాలి. ఆ తలకాయ ఇంట్లో కూర్చుని గోడలు చూస్తోంది. లేచి చెప్పులేసుకుంది.

ఆమెని చూసి స్టాపులో ఎవరూ పరామర్శలు చెయ్యలేదు. ఎందుకొచ్చావనీ అడగలేదు. చిన్న తోడికోడలు మాత్రం జరిగి పక్కన చోటిచ్చింది. ఇస్త్రీ షాపతను స్తంభం దగ్గర మెడ వెనక్కి తిప్పుకుని నిలబడి ఉన్నాడు, కళ్ళన్నీ షాపు మీదే.

"నువ్వు పో నాయనా. కాలుతున్న వాసనొస్తోంది" అంది.

"మీకెందుకు పిన్నీ ఈ ఎండలో..." అని నసిగాడు.

"పొమ్మన్నానా."

అతను వెళ్ళిన రెండు మూడు నిమిషాలకి, సరిగ్గా పదిన్నరకి, రోడ్డుకి అవతల నారింజరంగు కోటు కనబడింది. ఆరుగురూ ఒక్కసారి నిటారుగా అయ్యారు. ఈసారి అతను అవతలే ఉండిపోలేదు. రోడ్డు దాటి వచ్చి, అట్ట తీసి, ఒక్కొక్కరి దగ్గరా ఆగాడు. ఫిర్యాదు మీద లెక్క కాబట్టి ఎక్కడికో, ఎందుకో కూడా రాసుకోవాలన్నాడు. రేడియో ఏదో స్నేహితుడి పేరు చెప్పి గట్టెక్కాడు. వాచీలాయన భార్య ఇద్దరి జబ్బులూ తేదీలతో సహా అప్పజెప్పింది. చివరికి అతను టైలరమ్మ ముందుకొచ్చాడు.

"మీరెక్కడికమ్మా?"

"పెద్దాసుపత్రికి."

"వైద్యానికా?"

"మా అక్కకి జావ పట్టడానికి" అంది టైలరమ్మ.

"రోజూ వెళ్తారా?"

"రోజూ."

అతను రాసుకున్నాడు. తోడికోడళ్ళిద్దరూ నేలచూపులు చూశారు. ఎవరేం మాట్లాడినా దిద్దకుండా ఉండలేని రేడియో, స్తంభం మీద తుప్పుని గోటితో గోకుతూ నిలబడ్డాడు.

"మొత్తం ఆరుగురు. సరిపోయారు లెండి, బస్సు ఉంటుంది" అని చెప్పి అతను అట్ట చంకలో పెట్టుకుని పై స్టాపుకి వెళ్ళిపోయాడు.

ఎవరికీ సంతోషించే ఓపిక కూడా లేకపోయింది. వాచీలాయన స్తంభాన్ని వదిలి, "ఇంక కూర్చోవచ్చా?" అని అడిగాడు చిన్నపిల్లాడిలా. కూర్చోవచ్చంది ఆయన భార్య. ఒకళ్ళు నిలబడాలి కదా అని అందరూ ఆగి మొహమొహాలు చూసుకున్నారు.

"వెళ్ళండి. ఇవాళ వంతు నాది" అంది టైలరమ్మ.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా, అతను పోయాడుగా" అన్నాడు రేడియో, మొదటిసారి చిన్న గొంతుతో.

"రోజూ వెళ్తానని రాయించాను కదా అన్నయ్యా. ఇవాళ్టికైనా వెళ్ళాలి."

పదకొండుంపావుకి బస్సొచ్చింది. ఆమె చెయ్యెత్తింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అందరూ ఎక్కాక ఆమె ఎక్కి, తలుపు వెనక తను ఎప్పుడూ కూర్చునే సీటులో కూర్చుంది. డబ్బా ఒళ్ళో ఇంకా వెచ్చగానే ఉంది. ఆసుపత్రి స్టాపు దగ్గరపడుతోంది. దిగి ఎక్కడికి పోవాలో ఆమెకి తెలియలేదు. జావ చల్లారిపోతుందన్న పాత తొందర మాత్రం లోపల కొట్టుకుంటోంది. మూత తీసి చెంచాతో నోట్లో పోసుకుంది.

చప్పగా ఉంది. గొంతు దిగడం లేదు. ఉప్పు తగ్గించమని డాక్టరంటే పూర్తిగా మానేసింది తను, రెండేళ్ళలో ఒక్కనాడూ రుచి చూడలేదు. దీన్నే అక్క రోజూ, ఆఖరి చెంచా దాకా, తన మొహంలోకి చూస్తూ మింగింది. ఇంకో చెంచా తీసుకుంది టైలరమ్మ. ఆసుపత్రి స్టాపు వచ్చింది, బస్సు ఆగింది, డ్రైవరు అద్దంలో ఆమె కోసం చూసి చూసి కదిలించాడు. ఆమె అడుగు దాకా తాగి గానీ డబ్బా మూత పెట్టలేదు.