ఇటుకలా నానబెట్టిన బ్రెడ్డు

ఆ ఇంట్లో పొద్దుటి తిండి ఎప్పుడూ ఒకటే. గుడ్డు కొట్టి పాలలో కలిపి, అందులో బ్రెడ్డు ముక్క ముంచి, వెన్నలో ఎర్రగా కాల్చి, పైన చక్కెర చల్లేది ఆమె. అది తిని తాపీమేస్త్రి పనికి పోయేవాడు. పెళ్లయినప్పటి నుంచీ పెనం ఆమె చేతిలోదే. ఆ చెయ్యి ఇప్పుడు దుప్పటి మీద ఎండుపుల్లలా పడి ఉంది.

నిన్న వచ్చిన నర్సు అతన్ని వాకిట్లోకి పిలిచి చెప్పింది.

"మేస్త్రిగారూ, లోపలికి ఏదైనా పోతేనే మందు ఎక్కించేది. లేకపోతే ఆమె తట్టుకోలేదు, ఇక ఆపేద్దామన్నారు డాక్టరుగారు. వెన్న, చక్కెర వద్దు. తెల్లసొనతో తేలిగ్గా చేసి, పైన పండ్ల ముక్కలు పెట్టి చూడండి. రేపు వస్తాను."

తెల్లవారగానే పొయ్యి ముందు నిలబడ్డాడు. పచ్చసొన తీసేసి పాలు కలిపాడు. ఇటుకను గోడలో పెట్టే ముందు నీళ్లలో వేసి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. అతనికి తెలిసిన నానబెట్టడం అదొక్కటే. బ్రెడ్డునూ అలాగే వేసి, వంగి చూస్తూ కూర్చున్నాడు. బుడగలు ఆగాయి. ఎత్తబోతే చేతికి గుజ్జు వచ్చింది.

"ఏమయ్యా, చప్పుడు లేదేం? పునాది తవ్వుతున్నావా?" పక్క గదిలోంచి ఆమె.

"నానుతోంది."

"నానడమేమిటి? నీ ఇటుకనుకున్నావా! అటు ముంచి ఇటు తియ్యాలి."

ఆమె నోట తిట్టు విని చాలా రోజులైంది. అతనికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఈసారి వేసింది వెన్న లేని పెనానికి కరుచుకుంది. పాత సున్నం గీకినట్టు గీకి పళ్లెంలో వేశాడు. యాపిల్ ముక్కలు సందు కనబడకుండా పరిచి, వేలితో మట్టం చూసుకుని, ఆమె మంచం దగ్గరికి తెచ్చాడు.

"గచ్చు బాగా చేశావు. దీనిమీద మంచం వేసుకోవచ్చు," అంది ఆమె. అంచు కొరికి, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుంది. "పెనం కాగలేదు. నీటి చుక్క చిలకరిస్తే చిటపటలాడాలి. ముక్కలు పచ్చివి పెట్టకు, పెనం మీదే మెత్తబడనియ్యి. మళ్లీ చెయ్యి."

"చేస్తే తింటావా?"

"చెయ్యవయ్యా ముందు."

చేశాడు. ఉప్పు మరిచావంది. మళ్లీ చేశాడు. ప్రతిసారీ ఓ ముక్క కొరికేది, తువ్వాలు మూతికి వెళ్లేది, ఓ వంక పెట్టేది. అతనికి చెమట పట్టింది. లోపల మాత్రం చల్లగా ఉంది. కొరికిన ముక్కలన్నీ కలిపితే ఒక బ్రెడ్డుకు తక్కువుండదు. ఇంకేం కావాలి?

చివరిది కొరికి కళ్లు మూసుకుంది.

"ఇదీ. కుదిరింది."

"నర్సు రానీ, చెప్తాను," అని, మూతి తుడుద్దామని తువ్వాలు అందుకున్నాడు. అది బరువుగా తగిలింది. మడత విప్పాడు. కొరికిన ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

అతను మంచం అంచున కూలబడ్డాడు.

"ఒక్కటీ మింగలేదా?"

"నాలిక్కి రుచి తెలుస్తోంది. గొంతు దిగట్లేదు."

"మరి ఇంతసేపూ నన్నెందుకే..."

"పొద్దున్నే కడుపులో ఏదో ఒకటి పడకపోతే పరంజా ఎక్కినప్పుడు నీకు కళ్లు తిరుగుతాయి. ఉత్త టీ తాగి పోతావు, నాకు తెలియదా? వెన్న నీకూ మంచిది కాదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "చల్లారితే తోలులా సాగుతుంది. తిను."

అతను పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె చూస్తోంది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

గుమ్మంలో నర్సు గొంతు వినిపించింది. "మేస్త్రిగారూ, ఏమైనా తిన్నదా?"

తిన్నదని ఒక్క మాట అంటే చాలు, మందు ఎక్కిస్తుంది. ఆమె దిండు మీద తల అడ్డంగా ఊపింది.

నోట్లోది బలవంతాన మింగాడు.

"నేను తిన్నానమ్మా," అన్నాడు.

నర్సు భుజం మీది మందుల సంచి దించలేదు.